సంకరకరణం: పైపు గ్యాస్‌లోనూ వజ్రంలోనూ ఒకే కోణం

అణువు ఏర్పడేటప్పుడు పరమాణువులోని ఎస్, పి ఆర్బిటాళ్లు విడివిడిగా కాక కలగలిసిన రూపంలో బంధాల్లో పాల్గొంటాయని చెప్పే భావన సంకరకరణం. అమెరికా శాస్త్రజ్ఞులు లైనస్ పౌలింగ్, జాన్ స్లేటర్ 1931లో ఎవరికి వారుగా దీన్ని ప్రకటించారు. తొంభై ఏళ్లు దాటినా పాఠ్యపుస్తకాల్లో దీని చోటు చెక్కుచెదరలేదు. తెలంగాణలో పదో తరగతి రసాయన బంధం పాఠంలోనే ఇది ఎదురవుతుంది. అక్కడ చెప్పే వరస ఇలా ఉంటుంది: ముందు ఒక ఎలక్ట్రాన్ కింది ఆర్బిటాల్ నుంచి పైదానికి ఎగబాకుతుంది, తర్వాత ఆర్బిటాళ్లు కలిసి కొత్తవి పుడతాయి, చివరికి పక్క పరమాణువులు వచ్చి చేరతాయి. లెక్కకు పనికొచ్చే వరసే గాని, ప్రకృతిలో ఇలా మెట్లుమెట్లుగా ఏదీ జరగదు. ఒంటరిగా ఉన్న కర్బన పరమాణువు తనంతట తాను సంకరం చెందదు. పొరుగున మరో పరమాణువు చేరి బంధం పడుతున్నప్పుడే ఈ కలయికకు అర్థం ఉంది. ఆర్బిటాళ్లు ఎందుకు కలుస్తాయన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ పొరుగు సంబంధంలోనే వెతకాలి.

మీథేన్ తెచ్చిన చిక్కు

మీథేన్ ఎక్కడ దొరుకుతుందో ముందు చూద్దాం. గుజరాత్‌లోని సూరత్ నగరంలో తాపీ నదికి పడమటి గట్టున అడాజన్ ఉంది. అక్కడి నుంచి హజీరా వైపు సాగే రోడ్డు సముద్రం దగ్గరి గ్యాస్ శుద్ధి కేంద్రానికి, పెట్రో రసాయన కర్మాగారాలకు చేరుతుంది. అరేబియా సముద్రంలోని దక్షిణ బసీన్ క్షేత్రం నుంచి ఓఎన్‌జీసీ తెచ్చే వాయువు ఒడ్డెక్కేది హజీరాలోనే. గుజరాత్‌కు తూర్పు తీరం నుంచి కూడా వాయువు చేరింది. కాకినాడ దగ్గరి గాడిమొగ నుంచి భరూచ్ దాకా వేసిన దాదాపు 1,400 కిలోమీటర్ల పైపులైను 2009 నుంచి కృష్ణా–గోదావరి బేసిన్ వాయువును పడమటికి మోసింది. ఏ సముద్రానిదైనా అందులో అత్యధిక భాగం మీథేనే. అడాజన్ వంటిళ్లలో పైపు గ్యాస్ పొయ్యి మీద నీలంగా మండేదీ అదే.

మీథేన్‌లో ఒక కర్బనం చుట్టూ నాలుగు హైడ్రోజన్లు ఉంటాయి. నాలుగు బంధాల పొడవూ ఒకటే, 1.09 ఆంగ్‌స్ట్రాములు. ఏ రెండు బంధాల మధ్య చూసినా కోణం 109.5 డిగ్రీలు. అంటే కర్బనం నడుమన, హైడ్రోజన్లు చతుర్ముఖి నాలుగు మూలల్లో ఉన్నాయన్నమాట. ఈ ఆకారాన్ని క్వాంటం సిద్ధాంతం పుట్టడానికి అరశతాబ్దం ముందే, 1874లో, వాంట్ హాఫ్, లె బెల్ విడివిడిగా ఊహించారు. మీథేన్‌లో రెండు హైడ్రోజన్లను తీసి రెండు క్లోరిన్లు పెడితే వచ్చే పదార్థం ఎప్పుడూ ఒక్క రకమే. అణువు చదునుగా ఉంటే క్లోరిన్లు పక్కపక్కన ఉన్నది ఒకటి, ఎదురెదురుగా ఉన్నది ఒకటి చొప్పున రెండు రకాలు దొరకాలి. ఈ తర్కాన్ని ఆనాటి జర్మన్ దిగ్గజం కోల్బె ఎద్దేవా చేశాడు. పశువైద్య కళాశాలలో ఉద్యోగం చేసుకొనే కుర్రాడికి ఇంత ఊహాగానమా అన్నది ఆయన ధోరణి. 1901లో రసాయనశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆ కుర్రాడికే, అంటే వాంట్ హాఫ్‌కే వచ్చింది.

1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చాక చిక్కు మొదలైంది. కర్బనం భూస్థాయిలో 2ఎస్‌లో రెండు ఎలక్ట్రాన్లు జతగా ఉంటాయి, 2పిలో రెండు విడివిడిగా ఉంటాయి. జతకూడని ఎలక్ట్రాన్లు రెండే గనుక బంధాలు రెండే రావాలి. పి ఆర్బిటాళ్లు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి గనుక వాటి మధ్య 90 డిగ్రీల కోణం ఉండాలి. పోనీ, 2ఎస్ నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఖాళీ పి ఆర్బిటాల్‌లోకి పంపుదామంటే, నాలుగు బంధాలైతే వస్తాయి గాని అవి సమానంగా ఉండవు. మూడు పి బంధాలు లంబ దిశల్లో నిలుస్తాయి. గోళాకారపు ఎస్‌కు దిశే లేదు కాబట్టి నాలుగో హైడ్రోజన్ ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ సర్దుకోవాలి. రసాయనశాస్త్రజ్ఞుల అనుభవం ఒకటి చెబుతుంటే, భౌతికశాస్త్రజ్ఞుల ఆర్బిటాళ్లు మరొకటి చెప్పాయి.

పౌలింగ్ దీనిమీద కొన్నేళ్లు తంటాలు పడ్డాడు. 1930 డిసెంబరులో ఒక రాత్రి దారి దొరికిందని తర్వాత చెప్పుకున్నాడు. కేంద్రకం నుంచి దూరాన్ని బట్టి మారే భాగం 2ఎస్‌కూ 2పికీ ఇంచుమించు ఒకటే అనుకొని, కోణాన్ని బట్టి మారే భాగంతోనే లెక్క నడిపాడు. ఎస్‌నూ మూడు పిలనూ సమాన పాళ్లలో, ఒక్కోదాన్ని సగంతో గుణించి కూడితే ఒక కొత్త ఆర్బిటాల్ వస్తుంది. కూడిక గుర్తులను తగినట్టు మారిస్తే మరో మూడు వస్తాయి. నాలుగూ అచ్చు ఒకే ఆకారంలో, చతుర్ముఖి మూలల వైపు తిరిగి ఉంటాయి. కోణాన్ని ఎవరూ ముందుగా చొప్పించలేదు, లెక్కలోంచే 109.5 ఊడిపడింది. ఎస్ పాలు ఒకటి, పి పాళ్లు మూడు కాబట్టి దీన్ని ఎస్‌పి3 అన్నారు.

ఎందుకు కలుస్తాయి

మొదటి కారణం శక్తి. కర్బనంలో 2ఎస్ ఎలక్ట్రాన్ ఒకటి 2పిలోకి చేరి నాలుగూ విడివిడిగా ఉన్న అత్యల్ప స్థితి, భూస్థాయికి 4.18 ఎలక్ట్రాన్ వోల్టుల పైన ఉంది. మోల్‌కు లెక్కిస్తే 403 కిలోజౌళ్లు. ఇది తక్కువేమీ కాదు. కాని దీనివల్ల రెండు బంధాల చోట నాలుగు బంధాలు పడతాయి. మీథేన్‌లో ఒక్కో కర్బన–హైడ్రోజన్ బంధం సగటు బలం సుమారు 416 కిలోజౌళ్లు. రెండు బంధాలతోనే ఆగిపోయిన మిథిలీన్ నిజంగానే ఉంది. కాని అది క్షణం నిలవని, దొరికిన దానితోనల్లా చర్య జరిపే పదార్థం. దానికి ఒక హైడ్రోజన్ అణువును చేర్చి మీథేన్‌గా మారిస్తే, హైడ్రోజన్ అణువును విడగొట్టే ఖర్చు పోను, ఇంకా సుమారు 460 కిలోజౌళ్లు వెలువడతాయి. నాలుగు బంధాల కర్బనమే లోకమంతా ఉండటానికి ఈ ఒక్క అంకె చాలు. అయితే కర్బనం ముందు 403 కిలోజౌళ్లు ఎక్కడినుంచో తెచ్చుకొని, తర్వాత బంధాల ద్వారా తీర్చుకుంటుందని అర్థం చేసుకోకూడదు. హైడ్రోజన్ దగ్గరకు వస్తున్న కొద్దీ ఎలక్ట్రాన్ విన్యాసం అంతకంతకూ మారుతుంది. లెక్కలోని మొత్తం మాత్రమే ఇక్కడ విడగొట్టి చూపుతున్నది.

రెండోది దిశ. పి ఆర్బిటాల్‌కు కేంద్రకానికి అటూ ఇటూ సమానమైన రెండు తమ్మెలు ఉంటాయి. ఒకే దిక్కున ఉన్న పొరుగువాడితో బంధానికి అందులో సగమే పనికొస్తుంది. ఎస్‌ను కలిపితే తరంగపు గుర్తుల వల్ల ఒక పక్క తమ్మె పెరిగి, రెండోది కుంచించుకుపోతుంది. ఎలక్ట్రాన్ సాంద్రత బంధం వైపు మొగ్గుతుంది, రెండు పరమాణువుల ఆర్బిటాళ్లు ఒకదాని మీదికొకటి రావడం, అంటే అతిపాతం, పెరుగుతుంది. ఆర్బిటాల్ ఒక దిశలో ఎంత పొడుచుకు వస్తుందో పౌలింగ్ కొలత కట్టాడు: ఎస్‌కు 1, పికి 1.732, ఎస్‌పికి 1.932, ఎస్‌పి2కి 1.991, ఎస్‌పి3కి సరిగ్గా 2. ఎస్, పిల కలయికలో ఇంతకు మించిన విలువ రాదు.

మూడో కారణాన్ని పాఠాలు అంతగా పట్టించుకోవు. నిజానికి అన్నిటికన్నా మౌలికమైనది ఇదే. ఒంటరి పరమాణువు గోళ సౌష్ఠవం కలది, దానికి అన్ని దిక్కులూ ఒకటే. ఆ సౌష్ఠవమే ఎస్‌నూ పినీ వేరువేరుగా ఉంచుతుంది. పక్కన మరో పరమాణువు చేరగానే దిక్కులు సమానం కాకుండా పోతాయి, వేరు చేసే కట్టుబాటు సడలుతుంది. అప్పుడు ఎస్, పిలు కలవకుండా ఆపగలిగేది వాటి మధ్య ఉన్న శక్తి భేదం ఒక్కటే. హైడ్రోజన్ పరమాణువులో 2ఎస్, 2పిల శక్తి దాదాపు సమానం. బయటి విద్యుత్ క్షేత్రం కాస్త తగిలినా అవి కలిసిపోతాయి, వర్ణపట రేఖలు చీలుతాయి. కర్బనంలో భేదం కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు ఉన్నా, బంధ పరస్పర చర్య కూడా అదే స్థాయిలో ఉంటుంది కనుక కలయిక బలంగా సాగుతుంది.

నాలుగోది పౌలి సూత్రం. ఒకే స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. ఎస్‌లో ఒకటి, పిలో మూడు చొప్పున నాలుగు ఎలక్ట్రాన్లు ఒకే స్పిన్‌తో ఉన్నప్పుడు అవి ఉండటానికి ఎక్కువ అవకాశమున్న అమరిక చతుర్ముఖి మూలలే. ఈ పరస్పర అమరికకు హైడ్రోజన్ల అవసరం కూడా లేదు, దాన్ని నిర్దిష్ట దిక్కుల్లో నిలిపేది మాత్రం పొరుగు పరమాణువులే.

జరిగేదా, చూసే తీరా

అడాజన్‌లో వాలుగా పోయే రోడ్డు పక్కన ఒక ఇంటి స్థలం ఉందనుకుందాం. దాన్ని ఉత్తర–దక్షిణాలుగా కొలవవచ్చు, రోడ్డు అంచు వెంబడి కొలవవచ్చు. కాగితం మీద అంకెలు మారతాయి గాని స్థలం మారదు. సంకర ఆర్బిటాళ్లకూ శుద్ధ ఎస్, పిలకూ ఉన్న సంబంధం అలాంటిది. ఒక ఎస్‌తో మూడు పిలతో ఎంత వర్ణించగలమో, నాలుగు ఎస్‌పి3లతోనూ అంతే వర్ణించగలం. మీథేన్ మొత్తం ఎలక్ట్రాన్ సాంద్రత, మొత్తం శక్తి రెండు లెక్కల్లోనూ ఒకటే.

ఈ సంగతి మరచిపోతే ప్రయోగం ముందు తెల్లమొహం వేయాల్సి వస్తుంది. నాలుగు సమాన సంకర ఆర్బిటాళ్లలో నాలుగు సమాన ఎలక్ట్రాన్ జంటలు ఉంటే, మీథేన్ నుంచి ఏ ఎలక్ట్రాన్‌ను లాగినా ఒకే శక్తి పట్టాలి కదా. ఫోటో ఎలక్ట్రాన్ వర్ణపటంలో మాత్రం రెండు పట్టీలు కనిపిస్తాయి, ఒకటి సుమారు 14 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, మరొకటి 23 దగ్గర. మొదటిది పి స్వభావం ఉన్న మూడు అణు ఆర్బిటాళ్లది, రెండోది ఎస్ స్వభావం ఉన్న ఒకదానిది. దీన్ని చూపి సంకరకరణం అబద్ధమని తేల్చేసినవారు ఉన్నారు. అది తొందరపాటు. అణువు ఆకారానికీ బంధాల తీరుకూ సంకర ఆర్బిటాళ్ల చిత్రం అనువైనది. ఎలక్ట్రాన్‌ను పీకే లెక్కకు అణువంతా పరుచుకున్న ఆర్బిటాళ్ల చిత్రం అనువైనది. ఏ ప్రశ్నకు ఏ చిత్రమో తెలిస్తే తగవు లేదు.

ఎస్ పాలు ఎంత

పి ఆర్బిటాళ్లు మూడూ కలవాలన్న నియమం లేదు. ఎథిలీన్‌లో ప్రతి కర్బనం చుట్టూ ముగ్గురే పొరుగువారు. రెండు పిలతో ఎస్ కలిసి 120 డిగ్రీల కోణంలో మూడు ఎస్‌పి2లు ఏర్పడగా, మిగిలిన పి పక్కపక్కగా అతిపాతం చెంది పై (π) బంధం ఇస్తుంది. హజీరా క్రాకర్‌లో తయారయ్యేది ఈ ఎథిలీనే. సూరత్ పాలియెస్టర్ చీరల దారంలోని బెంజీన్ వలయాలూ ఎస్‌పి2 కర్బనాలే. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు ఆ నగరంలో పవర్‌లూమ్‌ల మీద నేస్తున్నది అలాంటి దారాన్నే. గ్యాస్ వెల్డింగ్‌లో వాడే ఎసిటిలీన్‌లో ఎస్‌తో ఒక్క పి కలుస్తుంది. దాంతో సరళరేఖ, 180 డిగ్రీలు.

మీథేన్‌లో ఎస్ పాలు 25 శాతం, ఎథిలీన్‌లో 33, ఎసిటిలీన్‌లో 50. ఇది ఉత్త కాగితపు లెక్కయితే ప్రయోగాల్లో జాడ ఉండకూడదు. ఎన్‌ఎంఆర్ పరికరంలో కర్బన కేంద్రకం, దానికి అంటిన హైడ్రోజన్ కేంద్రకం ఒకదాన్నొకటి ఎంత ప్రభావితం చేస్తాయో కొలవవచ్చు. ఆ ప్రభావం కేంద్రకం దగ్గరి ఎలక్ట్రాన్ సాంద్రతను బట్టి ఉంటుంది, కేంద్రకాన్ని తాకేది ఎస్ ఒక్కటే. కొలిస్తే వచ్చిన విలువలు వరసగా 125, 156, 249 హెర్ట్జ్. ఎస్ శాతాన్ని అయిదుతో గుణిస్తే వచ్చే అంకెలు ఇంచుమించు ఇవే. ఆమ్లత్వమూ ఇదే దారి పడుతుంది. మీథేన్, ఎథిలీన్‌లు హైడ్రోజన్‌ను విడిచిపెట్టడానికి ఏమాత్రం ఇష్టపడవు, ఎసిటిలీన్ బలమైన క్షారానికి లొంగుతుంది. ఎస్ పాలు ఎక్కువైతే ఎలక్ట్రాన్ జంట కేంద్రకానికి దగ్గరగా, స్థిరంగా ఉండటమే కారణం.

పాళ్లు పూర్ణసంఖ్యల్లోనే ఉండాలనీ లేదు. ఎలక్ట్రాన్లను గట్టిగా లాగే పొరుగు వైపు పరమాణువు తన పి పాలును ఎక్కువగా కేటాయిస్తుందని హెన్రీ బెంట్ 1961లో సూత్రీకరించాడు. డైఫ్లోరోమీథేన్‌లో రెండు ఫ్లోరిన్‌ల మధ్య కోణం సుమారు 108 డిగ్రీలకు తగ్గి, హైడ్రోజన్‌ల మధ్య కోణం సుమారు 114కు పెరగడం ఆ లెక్కే.

ఎక్కడ పని చేయదు

నీటిలో బంధ కోణం 104.5 డిగ్రీలు. ఆవర్తన పట్టికలో ఆక్సిజన్‌కు కింది మెట్టున ఉన్న సల్ఫర్ ఇచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌లో 92. అమ్మోనియాలో 107, ఫాస్ఫీన్‌లో 93.5. కిందికి దిగితే కోణం శుద్ధ పి బంధాల 90కి చేరువవుతోంది, అంటే సంకరకరణం సడలుతోంది. దీనికి మూలం ఆర్బిటాళ్ల పరిమాణంలో ఉంది. 2పికి లోపల 1పి అనేది లేదు కాబట్టి అది కేంద్రకానికి దగ్గరగా కుదించుకొని, 2ఎస్‌తో దాదాపు సమానమైన సైజులో ఉంటుంది. 3పికి లోపల 2పి అడ్డం ఉంది. అది 3ఎస్ కన్నా బాగా బయటకు విస్తరిస్తుంది, రెండూ కలిసి ఒకే బంధానికి అనువుగా నిలవలేవు. పౌలింగ్ ఆ రాత్రి చేసిన సరళీకరణ రెండో పీరియడ్‌కు అంత బాగా నప్పడం అదృష్టమే. సీసం దగ్గరికి వచ్చేసరికి 6ఎస్ జంట బంధాల్లోకి రావడానికే మొరాయిస్తుంది, అందుకే సీసం రెండు బంధాలతో సరిపెట్టుకునే సమ్మేళనాలు అన్ని ఉన్నాయి.

సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌లకు డి ఆర్బిటాళ్లను కలిపి ఎస్‌పి3డి2, ఎస్‌పి3డి అని ఇంటర్మీడియెట్‌లో ఇప్పటికీ బట్టీ పట్టిస్తున్నారు. గంభీరమైన గణనలన్నీ ఆ డి ఆర్బిటాళ్ల శక్తి చాలా ఎక్కువనీ, బంధాల్లో వాటి వాటా స్వల్పమనీ చూపాయి. మూడు పరమాణువులు నాలుగు ఎలక్ట్రాన్లను పంచుకునే బంధాలతో, అయానిక స్వభావంతో ఆ అణువులను వివరించవచ్చు. సిలబస్ నుంచి తప్పించాల్సిన పాత సరుకు ఇది.

వజ్రంలో

మీథేన్‌లోని నాలుగు హైడ్రోజన్ల చోట నాలుగు కర్బనాలను పెట్టి, వాటిలో ప్రతిదానికీ మళ్లీ అలాగే చేస్తూ పోతే వచ్చేది వజ్రం. కోణం అదే 109.5 డిగ్రీలు, బంధం పొడవు 1.54 ఆంగ్‌స్ట్రాములు. ఈ నిర్మాణాన్ని బ్రాగ్ తండ్రీకొడుకులు 1913లో ఎక్స్‌రేలతో తేల్చారు. గ్రాఫైట్ ఎస్‌పి2 కర్బనాల పొరల దొంతర. పొరలో బంధం 1.42, పొరకూ పొరకూ మధ్య ఎడం 3.35 ఆంగ్‌స్ట్రాములు. వజ్రంలో ప్రతి ఎలక్ట్రాన్ జంటా రెండు పరమాణువుల మధ్య కట్టుబడి ఉంది కనుక అది విద్యుత్తును పోనివ్వదు. గ్రాఫైట్ పి ఎలక్ట్రాన్లు పొరంతా తిరుగుతాయి, పైగా పొరలు జారుతాయి. విడ్డూరమేమిటంటే మామూలు పరిస్థితుల్లో గ్రాఫైటే స్థిరమైనది, తేడా మోల్‌కు 3 కిలోజౌళ్ల లోపు. బంధాలన్నీ తెంచి మళ్లీ కట్టాలి కాబట్టే వజ్రం వజ్రంగా మిగులుతోంది.

కృష్ణా తీరంలో కొల్లూరు గనుల నుంచి వెళ్లిన గోల్కొండ వజ్రాల్లో పేరుపడ్డవి రెండు–ఏ అనే తరగతివి. వాటిలో నైట్రోజన్ ఇంచుమించు ఉండదు. ఒక కర్బనం చోట నైట్రోజన్ చేరితే అయిదో ఎలక్ట్రాన్‌కు బంధంలో చోటు దొరకదు, కాంతిని పీల్చుకొని రాయికి పసుపు ఛాయ తెస్తుంది. సూరత్‌లో ఇప్పుడు రియాక్టర్లలో పెంచుతున్న వజ్రాల్లో వాయువు నుంచి పేర్చినవి కూడా సాధారణంగా రెండు–ఏ తరగతివే.

ఆ రియాక్టర్లలో జరిగేది సంకరకరణం మార్పే. హైడ్రోజన్‌లో కొద్ది శాతం శుద్ధ మీథేన్ కలిపి, మైక్రోవేవ్‌లతో ప్లాస్మాగా మార్చి, 800 నుంచి 1,000 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచిన పలుచని వజ్రపు బిళ్ల మీదికి వదులుతారు. మీథేన్ నుంచి ఒక హైడ్రోజన్ ఊడితే మిథైల్ రాడికల్ మిగులుతుంది. అది చతుర్ముఖి ఆకారం వదిలి చదునైపోతుంది, కర్బనం ఎస్‌పి3 నుంచి ఎస్‌పి2కి మారుతుంది. బిళ్ల ఉపరితలంలో ఖాళీ అయిన చోట అతుక్కోగానే నాలుగో పొరుగు దొరికి మళ్లీ ఎస్‌పి3 అవుతుంది. అక్కడక్కడా గ్రాఫైట్ తరహా ఎస్‌పి2 కర్బనం కూడా పడుతుంది. ప్లాస్మాలోని హైడ్రోజన్ పరమాణువులు వజ్రాన్ని తినేదానికన్నా చాలా వేగంగా ఈ గ్రాఫైట్ తరహా కర్బనాన్ని తినేస్తాయి. తక్కువ పీడనంలో, గ్రాఫైటే స్థిరమైన చోట, వజ్రం పెరగగలుగుతున్నది ఈ తేడా మీదే.

పెంచిన రాయైనా, తవ్విన రాయైనా చివరికి సానకు రావలసిందే. ప్రపంచంలో అమ్ముడయ్యే వజ్రాల్లో అత్యధిక భాగానికి సానపట్టేది సూరత్‌లోని వరాఛా, కతార్‌గామ్ ప్రాంతాల రత్నకళాకారులు. ఘంటీ అనే సాన బల్ల మీద తిరిగే ఇనుప చక్రానికి నూనెలో కలిపిన వజ్రపు పొడి రాసి, దానికి రాయిని ఆనిస్తారు. వజ్రాన్ని వజ్రమే కోస్తుందన్నది పాత మాట. కాని కొన్ని దిశల్లో చకచకా అరిగే రాయి మరికొన్ని దిశల్లో మొండికేస్తుందని పనివాళ్లకు తరతరాలుగా తెలుసు. కారణం 2011లో జర్మనీ పరిశోధకుల కంప్యూటర్ గణనల్లో కనిపించింది. చక్రం మీది పొడి తాకిడికి ఉపరితలపు ఎస్‌పి3 బంధాలు చెదిరి, ఎస్‌పి2 కర్బనాలు ఎక్కువగా ఉన్న అస్తవ్యస్తమైన పలుచని పొర ఏర్పడుతుంది. అరిగిపోయేది ఆ పొర. అది ఏర్పడే వేగం స్ఫటికం ముఖాన్నీ రాపిడి దిశనూ బట్టి మారుతుంది. లేజర్‌తో కోసినప్పుడు మార్పు కంటికే కనిపిస్తుంది, కోత వెంబడి వజ్రం నల్లబడుతుంది. ఆ నలుపు గ్రాఫైట్. రాళ్లను వేడి ఆమ్లాల్లో ఉడికించి దాన్ని వదిలిస్తారు. ఎస్‌పి2 పొర ఆక్సీకరణం చెంది పోతుంది, దాని కింద ఉన్న ఎస్‌పి3 కర్బనాన్ని ఆమ్లం తాకలేదు.